ల్యాప్‌టాప్ యంత్రమునకు వచ్చు రెండు జబ్బులు



నేడు నేను చెప్పబోవునది పురాణకథయు గాదు, పంటల సంగతియు గాదు. కొన్ని సంవత్సరములుగా మీ యిండ్లలోనికి వచ్చి చేరిన ల్యాప్‌టాప్ అను చిన్న యంత్రమును గుఱించి రెండు మాటలు చెప్పదలచితిని. నగరమున ఉద్యోగము చేయు కుమారుడు తాను వాడి విడిచినదానిని తెచ్చి యిచ్చియుండును. లేదా కాలేజీలో చదువు మనుమరాలి కొఱకు మీరే కొనియుందురు. 2020వ సంవత్సరము మార్చి నెలలో దేశమంతట లాక్‌డౌన్ విధింపబడినపుడు, నగరోద్యోగులు అనేకులు ఈ యంత్రములను చంకనిడుకొని స్వగ్రామములకు వచ్చి, వేపచెట్ల క్రిందను, వసారాలలోను కూర్చుండి పని చేసిన సంగతి మీరెఱుగుదురు. అప్పటినుండి యిది పల్లెకు కొత్త గాదు. కాని యది మొండికెత్తినపుడు ఏమి చేయవలెనో చెప్పువారు మాత్రము పల్లెలో తక్కువ.

నేను నిజాంపేటలో ఒక చిన్న అంగడి పెట్టుకొని ఈ యంత్రములను బాగుచేయుచు జీవించువాడను. నిజాంపేట యనగా హైదరాబాదు నగరమునకు వాయవ్యమున, కూకట్‌పల్లిలోని జె.ఎన్.టి.యు. విశ్వవిద్యాలయమునకు చేరువనున్న ఊరు. చాలకాలము గ్రామపంచాయతిగానే యుండెను. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ అను భవనము ప్రారంభమై, దాని చుట్టును హైటెక్ సిటీ పెరిగిన పిమ్మట, అచ్చట పని చేయువారికి ఇండ్లు కావలసివచ్చి, మా ఊరి పొలములు అపార్టుమెంటులైనవి. 2019లో బాచుపల్లి, ప్రగతినగరములతో గలిపి దీనిని నగరపాలక సంస్థగా జేసిరి. ఇక్కడ ల్యాప్‌టాప్ ఇంటికొకటి గాదు, మనిషికొకటి. కావున నాకు పనికి కొఱత లేదు. నా బల్లమీదికి వచ్చు యంత్రములలో మిక్కిలి తఱచుగా గనబడు జబ్బులు రెండు. విద్యుత్తు లోనికి పోకపోవుట యొకటి. లోపలి వేడి వెలుపలికి రాకపోవుట రెండవది. ఒకటి తిండి దిగని జబ్బు, ఇంకొకటి ఊపిరాడని జబ్బు.

ఈ రెండును ఒకే యంత్రమున నాకు గనబడిన సందర్భ మొకటి గలదు. రెండేండ్ల క్రిందట, వేసవిలో, జోగిపేట ప్రాంతమునుండి ఒక పెద్దమనిషి వచ్చెను. మియాపూరులో బస్సు దిగి, ఆటోలో మా అంగడి వెదకికొని వచ్చి, భుజముమీది తువాలులో చుట్టిన ల్యాప్‌టాప్‌ను బల్లమీద బెట్టెను. కుమారుడు దుబాయిలో నున్నాడు. మనుమరాలు బి.టెక్. చివరి యేడు చదువుచు సెలవులకు ఊరికి వచ్చియున్నది. మూడు దినములలో ఒక కంపెనీవారు ఆమెకు ఈ యంత్రము ద్వారానే పరీక్ష పెట్టనున్నారు. యంత్రము మాత్రము ప్రాణము లేనట్లు పడియున్నది. అంతకుముందు వేఱొక పట్టణమున చూపింపగా, బోర్డు కాలిపోయినది, 18 వేల రూపాయలగునని చెప్పిరట. ఆయన యింటి పాడిబఱ్ఱెను అమ్మ నిశ్చయించి, బేరము గూడ కుదుర్చుకొని, ఎందులకైనను మంచిదని యింకొకరికి చూపదలచి నా యొద్దకు వచ్చినాడు.

"బిడ్డా, బోర్డు పోయిందని చెప్పిన్రు. నువ్వు గూడ అదే మాటంటె బర్రెను తోలిస్త," అనెను.

"పెద్దయ్యా, ముందు చూడనియ్యి," అంటిని.

మీ పొలమున పంపుసెట్టు నడువకపోయినచో ముందుగా బోరులోని మోటారును పైకి లాగుదురా? లాగరు. కరెంటున్నదా, ఫ్యూజు పోయినదా, స్టార్టరు పట్టుకొనుచున్నదా, తీగ యెక్కడనైన తెగినదా యని వరుసగా చూచి, అన్నియు సరిగానున్నపుడే మోటారుమీద అనుమానపడుదురు. ల్యాప్‌టాప్ విషయమునను అదియే వరుస. బోర్డు అనునది బోరులోని మోటారు వంటిది. దానిని నిందించుట సులభము, దింపుట యెక్కుడు ఖర్చు. అందుచేత దానివంతు కడపట రావలెను.

గోడలోని సాకెటునందు 230 వోల్టుల ఏ.సీ. విద్యుత్తుండును. అది నల్లని యిటుక వంటి అడాప్టరు పెట్టెలో బ్రవేశించి, అక్కడ సుమారు 19 లేక 20 వోల్టుల డి.సీ.గా మాఱి, సన్నని తీగవెంట నడచి, తీగ చివరనున్న పిన్ను ద్వారా యంత్రము ప్రక్కనున్న రంధ్రములోనికి పోవును. ఆ రంధ్రమునకు జాక్ అని పేరు. జాక్‌నుండి బోర్డునకు, బోర్డునుండి బ్యాటరీకిని తక్కిన అవయవములకును ఆ విద్యుత్తు పంచబడును. ఈ దారిలో ఎక్కడ తెగినను ఫలిత మొక్కటియే: యంత్రము మేల్కొనదు.

యంత్రమును విప్పకుండ ఇంటివద్దనే మీరు చేయదగిన పరీక్షలు కొన్ని గలవు. అదే సాకెటులో సెల్లు ఛార్జరు పెట్టి చూడవలెను. అదియు పనిచేయనిచో జబ్బు గోడది. గోడనుండి అడాప్టరు పెట్టెకు వచ్చు లావుపాటి తీగను గట్టిగా లోనికి నొక్కవలెను. సగమూడియున్నదానిని ఆ యొక్క నొక్కుతోనే బాగుచేసి, డబ్బు పుచ్చుకొనుటకు సిగ్గుపడి పంపిన దినములు నాకెన్నియో గలవు. పెట్టెమీద చిన్న దీపమున్నచో దానిని గమనింపవలెను. యంత్రమునకు తగిలింపకముందే అది వెలుగనిచో, తప్పు పెట్టెదో తీగదో యగును. తగిలింపకముందు వెలిగి, తగిలించిన వెంటనే ఆరిపోయినచో, యంత్రములోపల ఎక్కడనో షార్టు కలదని గాని, అడాప్టరు బరువు మోయలేకున్నదని గాని అనుమానింపవచ్చును. అట్టిదానిని మాటిమాటికి తగిలించి చూడరాదు. ఒక కోణమున పట్టుకొనినపుడు మాత్రమే ఛార్జింగు గుఱుతు వచ్చి, చేయి తీయగనే పోవుచున్నచో, పిన్ను మెడవద్ద తీగ తెగియుండును, లేదా జాక్ వదులైయుండును. ఈ రెంటిలో ఏది? పిన్నును కదలకుండ వ్రేళ్లతో పట్టుకొని వెనుకనున్న తీగను మాత్రము మెల్లగా వంచి చూడుడు. అపుడు దీపము మినుకుమినుకుమనిన తీగది తప్పు. తీగను కదలనీయక పిన్నును జాక్‌లో కదల్చినపుడు మినుకుమనిన జాక్‌ది తప్పు.

మఱియొక చిట్కా కలదు, ఖర్చు లేనిది. అడాప్టరును తీసివేసి, బ్యాటరీ ఊడదీయదగినదైనచో దానినిగూడ తీసి, యంత్రమును నడపు బొత్తామును అర నిమిషము అదిమిపెట్టి యుంచి, పిమ్మట అడాప్టరు మాత్రమే తగిలించి చూడవలెను. బోర్డులో నిలిచియున్న విద్యుత్తు కారిపోయి, చిక్కుపడిన యంత్రము ఒక్కొక్కప్పుడు దీనితోనే లేచి కూర్చుండును.

అడాప్టరు మార్చవలసివచ్చినపుడు పిన్ను సరిపోయినదా యని మాత్రమే చూచువారు కలరు. నేనును ఒకప్పుడు అట్టివాడనే. అంగడి పెట్టిన తొలిదినములలో, సమీపపు హాస్టలు విద్యార్థి యొకడు తెచ్చిన యంత్రమునకు, చేతికందిన పేరులేని అడాప్టరును, పిన్ను చక్కగా దూరినది గదా యని తగిలించితిని. దాని వోల్టులు ఎక్కువ. చిటుక్కుమని చిన్న ధ్వని, సన్నని పొగ. బాగుగానున్న బోర్డు నా చేతిలో పోయినది. ఆ విద్యార్థికి వేఱొక యంత్రము కొనియిచ్చి, ఆ బాకీని నెలల తరబడి తీర్చుకొంటిని. నాటినుండి అడాప్టరు వీపుమీది అక్షరములను చదువక నేను దేనిని తగిలింపను. చూడవలసినవి మూడు. వోల్టులు పాతదానితో సమానముగా నుండవలెను. ఆంపియర్లు పాతదానితో సమానముగనో, అంతకు మించియో యుండవలెను. మించినందున కీడు లేదు, యంత్రము తనకు కావలసినంతయే త్రాగును. గుండ్రని పిన్ను బొమ్మ ప్రక్కన వ్రాసియుండు ప్లస్, మైనస్ గుఱుతులు ఒకే తీరుగ నుండవలెను. మాటవరుసకు, 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని యున్నచో రెంటిని గుణింపగా 65 వాట్లు వచ్చును. 65 వాట్లు కోరు యంత్రమునకు 45 వాట్లది తగిలించినచో అది ఛార్జి కాక యేడ్చును, అడాప్టరు కాలిపోవునంత వేడెక్కును.

డెల్, హెచ్‌పీ కంపెనీల యంత్రములు పెక్కింటిలో పిన్ను నడుమ సూది వంటి మఱియొక పుల్ల యుండును. అది విద్యుత్తును మోయునది గాదు. అడాప్టరు ఏ జాతిదో, ఎన్ని వాట్లదో యంత్రమునకు తెలుపుటకే యున్నది. రేషను దుకాణమున కార్డు చూపనిదే బియ్యము తూచనట్లు, ఆ పుల్ల వంగినను విఱిగినను, అడాప్టరు మంచిదే యైనను, యంత్రము బ్యాటరీకి విద్యుత్తు నీయదు, తానును మందగమనమున నడచును. పిన్నును వంకరగా పెట్టి త్రోయరాదనుట ఇందులకే. కొత్త యంత్రములలో ఫోనునకున్నట్టి చదునైన యు.ఎస్.బి.-సి రంధ్రమే యుండును. అందులో ఛార్జరును యంత్రమును ముందు మాటాడుకొని 5, 9, 15, 20 వోల్టులలో ఏది కావలెనో నిర్ణయించుకొనును. 100 వాట్ల వఱకుండిన ఈ పద్ధతిని 2021లో 240 వాట్ల వఱకు పెంచిరి. ఐరోపా సంఘమువారు 2026 ఏప్రిల్ 28వ తేదీనుండి తమ దేశములలో అమ్ము కొత్త ల్యాప్‌టాప్‌లకు ఈ రంధ్రమే యుండవలెనని శాసించిరి. ఫోను ఛార్జరు దూరినంత మాత్రమున అది చాలునని యనుకొనరాదు. ఈ రంధ్రములో జేబునూలు, దుమ్ము చేరి పిన్ను పూర్తిగా కూర్చుండకపోవుట కలదు. యంత్రమును ఆపి, ఎండిన సన్నని కఱ్ఱపుల్లతో మెల్లగా తీయవలెను. గుండుసూది పెట్టరాదు.

ఇక జోగిపేట పెద్దమనిషి యంత్రమునకు వత్తము. అడాప్టరు దీపము వెలుగుచున్నది. పిన్నువద్ద మీటరు పెట్టి చూడగా 19.5 వోల్టులు సరిగా నున్నవి. జాక్‌లో పెట్టగా చలనము లేదు. పిన్నును క్రిందికి ఒత్తి పట్టగా యంత్రముమీది దీపము ఒక్కసారి కన్ను గీటినట్లు వెలిగి యారెను. నాకు సగము ధైర్యము వచ్చినది. అడుగుభాగము విప్పి, ముందుగా బ్యాటరీ తీగను ఊడదీసి (ఈ పని చేయక లోపల చేయి పెట్టరాదు), భూతద్దముతో చూచితిని. జాక్ కాళ్లు బోర్డునకు సీసపుటతుకుతో అతుకబడియుండును. ఆ యతుకు చుట్టును వెండ్రుకంత బీట. దాని ప్రక్కన బోర్డు నల్లబడియున్నది.

ఈ బీట యెట్లు వచ్చును? పిల్లలు మంచముమీద పడుకొని యంత్రమును వాడుదురు. తీగ ఒకవైపు లాగబడి, పిన్ను గడ్డపాఱవలె జాక్‌ను పెల్లగించుచుండును. దినమునకు పదిసార్లు, ఏడాది పొడవునను. అతుకు వదులైన చోట విద్యుత్తు ఇఱుకున బడి నడచి వేడి పుట్టించును. వేడికి అతుకు మఱింత వదులగును. స్టార్టరులో మఱ వదులైన తీగ కొస నల్లబడి మాడుట మీకు తెలియని విషయము కాదు. ఇదియు సరిగా నదియే. ఆపిల్ కంపెనీవారు 2006లో అయస్కాంతముతో అంటుకొను పిన్నును తెచ్చిరి. తీగ కాలికి తగిలినచో ఊడి క్రిందపడును గాని జాక్‌ను పెఱుకదు. జపాను దేశమున అన్నము వండు విద్యుత్పాత్రలకు అట్టి ఏర్పాటు అంతకుముందే యుండెను. వంటింటి తెలివి కంప్యూటరునకు వచ్చుటకు కొంతకాలము పట్టినది.

పాత జాక్‌ను తీసి, కొత్తదానిని అతికితిని. కొన్ని యంత్రములలో జాక్ చిన్న తీగకు గట్టబడి బోర్డునకు విడిగా తగిలింపబడియుండును; వానిలో అతుకు పని గూడ లేదు, తీగముక్క మార్చిన చాలును. రెండు విధములను కొన్ని వందల రూపాయల పని. 18 వేలు చెప్పినవారు మోసగాండ్రని నేననను. విడిభాగమును అతుకు విద్య రానివారు బోర్డంతయు మార్చుటయే వైద్యమని నమ్ముదురు. అయినను అట్టి మాట వినినపుడు, "ఎన్ని వోల్టులు ఎక్కడివఱకు వచ్చుచున్నవి? ఎక్కడ ఆగినవి?" అని మీరు అడుగవచ్చును. మీటరు పెట్టి చూచినవాడు చెప్పగలడు. తీసిన పాతభాగమును చూపుమని యడుగుటయు మీ హక్కే. బోర్డు నిజముగా పోయినను, అందులో దాచిన చదువు కాగితములు, ఫొటోలు సాధారణముగా వేఱొక భాగమున నుండును. వానిని ముందు వేఱుచేసి యిమ్మని కోరవలెను.

యంత్రము వెలిగినది. నేను మూతవేసి ఆయన చేతికీయబోతిని. ఆయన పుచ్చుకొనలేదు.

"బిడ్డా, మోటరు బాగుచేసినోడు నీళ్లు మడిల పారేదాంక పోతడా? జరసేపు నడువనియ్యి. కూసుంట," అనెను.

నాకు లోలోపల కొంచెము విసుగు కలిగినది. వెలుపల ఇద్దఱు ముగ్గురు వేచియున్నారు. అయినను పెద్దవారి మాట గనుక నడువనిచ్చితిని. పావుగంట గడచెను. యంత్రములోని పంకా ఈలవేయ మొదలిడెను. పిమ్మట తెర నెమ్మదించెను. పిమ్మట, చెప్పాపెట్టకుండ, ఆరిపోయెను. ఆయన నావైపు చూచెను. నేను బల్లవైపు చూచితిని. నేను పంపివేసియున్నచో, ఆ పిల్ల పరీక్ష నడుమ ఇదే జరిగియుండెడిది.

అడుగున చేయి పెట్టగా పెనమువలె నున్నది. అది రెండవ జబ్బు. మళ్లీ విప్పితిని.

యంత్రము పుచ్చుకొను విద్యుత్తు దాదాపు అంతయు కడకు వేడిగానే మాఱును. నలువది వాట్ల బల్బును పలుచని పెట్టెలో మూసిపెట్టితిమనుకొనుడు. ఆ వేడిలో పెద్దపాలు బొటనవ్రేలి గోరు వంటి చిన్న బిళ్లలో పుట్టును, అదియే ప్రాసెసరు. దానిమీద లేపనము పూసి, రాగిరేకు నదిమి, ఆ రేకునకు రాగిగొట్టము నతికియుందురు. ఆ గొట్టము చిత్రమైనది. లోపల గాలి తీసివేసి, రవ్వంత నీరు పోసి మూసియుందురు. గాలి లేనిచోట నీరు కొద్దిపాటి వేడికే మఱుగును. వేడికొసన ఆవిరియై, చల్లని కొసకు పరుగెత్తి, అక్కడ నీరై, గొట్టము గోడలలోని వత్తివంటి అల్లికవెంట వెనుకకు వచ్చును. ఇడ్లీపాత్ర మూత క్రింద ఆవిరి చెమరించి చుక్కలై రాలుటను మీరు చూచియున్నారు. ఆ యాట యిక్కడ రాత్రింబవళ్లు నడచును. అమెరికాలో లాస్ అలమోస్ ప్రయోగశాలయందు జార్జి గ్రోవర్ అను శాస్త్రజ్ఞుడు 1963లో ఈ గొట్టమును నిర్మించి పేరు తెచ్చినాడు. గొట్టపు చల్లని కొసన ట్రాక్టరు రేడియేటరునకున్నట్లు సన్నని రేకులు వరుసగా నుండును. చిన్న పంకా వానిగుండ గాలి నూది, వేడిని ప్రక్కరంధ్రమునుండి వెలుపలికి త్రోయును.

వడ్లు నూర్చు దినములలో ట్రాక్టరు రేడియేటరునకు పొట్టు పట్టి ఇంజను కాగిపోవుట చూడనివా రెవరు? ఆ యంత్రమున నేను చూచినదియు అట్టిదే. పంకాకును రేకులకును నడుమ, గొంగడిముక్క వలె, దూదిపోగులు దుమ్ముతో గలిసి దట్టమైన పొరగా పేరుకొనియున్నవి. చిమటాతో పట్టి లాగగా ఒక్క తునకగా ఊడివచ్చినది. ఆయనకు చూపితిని. "అరె, ఇది మా పత్తి," అనెను. ధర వచ్చువఱకు పత్తిని ఇంటిలోనే పోసి, ఆ గదిలోనే పిల్ల చదువుకొనునట. పత్తి లేని యిండ్లలో పఱుపు నూలును, వాకిటి దుమ్మును ఆ పని చేయును. మా నిజాంపేటలో కట్టుచున్న మేడల సిమెంటు ధూళి యంతకు తీసిపోదు.

ఈ వేడిజబ్బును విప్పకయే కొంతవఱకు తెలిసికొనవచ్చును. గాలి వచ్చు రంధ్రమువద్ద అఱచేయి పెట్టుడు. బలముగా వేడిగాలి వచ్చుచున్నచో పంకా బాగుగానే యున్నది, పనిభారమే యెక్కువ. యంత్రము కాగుచు గాలి సన్నగా వచ్చుచున్నచో దారి పూడినది. గాలియు లేదు, ధ్వనియు లేదు అన్నచో పంకా చచ్చినది. గాలి బలముగను చల్లగను వచ్చుచుండగా, యంత్రము మాత్రము వేడెక్కి ఆగిపోవుచున్నచో, ప్రాసెసరుమీది లేపనము ఎండి పెళుసెక్కి, వేడి రేకుల వఱకు చేరుటలేదని గ్రహింపవలెను. ఈ నాలుగవ దానినే కొత్తగా పని నేర్చినవారు తఱచు పొరబడుదురు.

ప్రాసెసరు సుమారు 100 డిగ్రీల దాపునకు వచ్చినపుడు తన వేగమును తానే తగ్గించుకొనును. అప్పటికిని తగ్గనిచో విద్యుత్తును తెంచుకొని ఆగిపోవును. కావున ఆగిపోవుట చచ్చుట గాదు, ప్రాణము కాపాడుకొనుట. ఆగిన వెంటనే మరల బొత్తాము నొక్కుచు దానితో పోరాడరాదు. చల్లారనీయవలెను.

శుభ్రము చేయు విధము ఇది. బ్యాటరీ తీగ తీసి, మెత్తని కుంచెతో దుమ్ము నూడ్చి, పంకా రెక్కలను వ్రేలితో పట్టుకొని గాలి కొట్టవలెను. రెక్కలను విడిచి కొట్టినచో అవి మితిమీఱి తిరిగి ఇరుసు చెడును. నోటితో ఊదరాదు, తేమ పోవును. పాత లేపనమును ఐసోప్రొపైల్ ఆల్కహాలు అను స్పిరిటుతో తుడిచి, కొత్తది పెసరగింజంత పెట్టి రేకు నదుమవలెను. ఎక్కువ పెట్టిన ఎక్కువ చలువ యని భ్రమపడరాదు. లోహముకన్న లేపనము వేడిని మోయుటలో తక్కువది. రెండు లోహముల నడుమనున్న సన్నని గుంటలను పూడ్చుటకే అది కావలెను. విప్పి శుభ్రము చేయుట చేయి తిరిగినవాని పని. మీరు చేయవలసినది ఇంకొకటి: యంత్రమునకు గాలిదారి విడిచి పెట్టుట.

ఒడిలో పెట్టుకొనునది గనుక దీనికి ల్యాప్‌టాప్ అని పేరు వచ్చినది. ఆ పేరే మోసము. గాలి పీల్చు రంధ్రములు పెక్కింటిలో అడుగుననే యుండును. ఒడిలో, పఱుపుమీద, బొంతమీద పెట్టినచో అవి మూసికొనిపోవును. గట్టి పీటమీద గాని పలకమీద గాని పెట్టి, వెనుకవైపు రెండు చిన్న చెక్కముక్కల ఎత్తు పెట్టిన చాలును. దుమ్ము పడునని కొందఱు పెద్దలు నడుచుచున్న యంత్రముపై శుభ్రమైన గుడ్డ కప్పుదురు. ఆపిన పిమ్మట కప్పవచ్చును గాని నడుచునపుడు కప్పరాదు. ఒకరు తడిగుడ్డ వేసిరి. మఱియొకరు చల్లబడునని ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చిరి. చల్లని పెట్టె వేడిగాలిలోనికి రాగానే లోపల చెమ్మ పట్టి, ఉన్న జబ్బునకు కొత్త జబ్బు తోడైనది. ఇంకొక సంగతి. అనేక కంపెనీలవారు 35 డిగ్రీలు దాటిన గాలిలో తమ యంత్రమును వాడవలదని తమ పుస్తకములలో వ్రాయుదురు. మన తెలంగాణమున మే నెల మధ్యాహ్నము 40 దాటుట మామూలు. పంకా విసరునది ఆ వేడిగాలినే గదా. కావున భారమైన పనులు ఉదయము, రాత్రి పెట్టుకొనుమని పిల్లలకు చెప్పుడు.

బ్యాటరీ విషయమున మాత్రము కొంచెము భయమే మంచిది. ఇది లిథియం అయాన్ జాతిది. సోనీ కంపెనీ 1991లో అంగడికి తెచ్చినది. దీనిని రూపొందించిన గుడ్ఎనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురకు 2019లో నోబెల్ బహుమతి వచ్చినది. గొప్ప వస్తువే. కాని 2006లో డెల్ కంపెనీ, అగ్నిభయముచే, 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనుకకు పిలిపించినది గూడ దీనినే. వేడికి ముదిరిన బ్యాటరీ ఉబ్బును. మూత సరిగా పడకపోవుట, వ్రేలితో రాయు పలక పైకి లేచుట, బల్లమీద పెట్టిన యంత్రము ఊయలవలె ఊగుట దాని గుఱుతులు. అట్టిదానిని ఆపి, ఛార్జి చేయుట మాని, బాగుచేయువానికి చేర్చవలెను. నొక్కి సరిచేయుట, సూదితో పొడిచి గాలి తీయుట ప్రాణాపాయము. పొగ వచ్చినచో మెయిను ఆపి, ఇంటివారిని వెలుపలికి పంపి, 101కి ఫోను చేయవలెను. ఆ పొగ పీల్చరాదు. పాత బ్యాటరీని పెంటకుప్పపై వేయకుడు, చెత్తతో కాల్పకుడు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము తయారుచేయువారే వానిని తిరిగి సేకరింపవలసియున్నది.

పల్లెలనుండి వచ్చువారు తఱచు అడుగు మఱియొక మాట: "మూతమీద చేయి పెడితే జుమ్ముమంటది, ఎందుకు?" మూడు కాళ్ల ప్లగ్గులో లావైన కాలు ఎర్తుది. గోడలో ఎర్తుతీగ లేకపోయినను, ఆ కాలిని విఱిచి రెండు రంధ్రముల సాకెటులో దోపినను, అడాప్టరునుండి రవ్వంత విద్యుత్తు యంత్రపు లోహపుమూతకు జేరి చర్మమును చుఱుక్కుమనిపించును. సామాన్యముగా ప్రమాదకరమైనంత గాదు గాని, ఇంటికి ఎర్తింగు లేదని అది చెప్పు కబురు. ఆ యింటిలోనే ఫ్రిజ్, నీటి మోటారు, ఇస్త్రీపెట్టె యుండును. వానికి అదే లోపము ప్రాణాంతకము. లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచేత ఎర్తింగు గుంత వేయింపుడు. తక్కువ వోల్టేజికి మాత్రము భయపడనక్కఱలేదు. అడాప్టర్లు పెక్కు 100నుండి 240 వోల్టుల వఱకు ఓర్చును. ట్రాన్స్‌ఫార్మరువద్ద న్యూట్రలు తీగ తెగినపుడు, పిడుగులు పడునపుడు వచ్చు ఉప్పెనకు మాత్రము అవి ఓర్వలేవు. మబ్బు పట్టి ఉఱుమగానే ప్లగ్గు ఊడదీయుట మంచిది.

ఆ దినమున దూదిపొర తీసి, లేపనము మార్చి, యంత్రమును ముప్పావుగంట నడపితిని. ఈసారి నేనే ఆపనీయలేదు. గాలి వెచ్చగా, ఏకధారగా వచ్చుచుండెను. ఆయన రంధ్రమువద్ద అఱచేయి పెట్టి చూచి, తల యూపి, ఫోను తీసి, బఱ్ఱె కొనవచ్చువానిని రావలదని చెప్పెను. డబ్బు లెక్కపెట్టి యిచ్చి, యంత్రమును మరల తువాలులో చుట్టుకొని పోయెను.

మొన్న సంక్రాంతికి మునుపు మరల మా అంగడికి వచ్చెను. ఈసారి తువాలులో ల్యాప్‌టాప్ లేదు, నేతిడబ్బా యున్నది. యంత్రమెట్లున్నదని యడిగితిని.

"పత్తి అర్రకెళ్లి తీసినం బిడ్డా. ఇప్పుడది పీటమీద కూసుంటది, మేం కింద కూసుంటం," అనెను.